బస్సు మలుపు తిరిగాక

ప్రశ్న

అస్సలాము అలైకుమ్ ఆపా. పేరు వేయకండి. మాది రాయచోటి. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఎనిమిదో తరగతి. అబ్బాయికి ఆరేళ్లు. పోయినేడు దాకా వాడు మా వీధి చివరి బడిలో మధ్యాహ్నం వరకే ఉండేవాడు. ఈసారి ఒకటో తరగతి, అక్క స్కూల్లోనే వేశాం. సెలవులన్నీ మదనపల్లెలో మా అమ్మ దగ్గర ముగ్గురం ఒకరి మీద ఒకరు పడి గడిపాం. జూన్ 12న స్కూలు తెరిచారు. పొద్దున 7.45కి బస్సు వస్తుంది, సాయంత్రం 4.45కి దింపుతుంది. బస్సు మలుపు తిరిగిందంటే నాకేం తోచదు. పని లేక కాదు. గిన్నెలు అలాగే ఉంటాయి, నేను వాడు విప్పి పడేసిన నిక్కరు చేతిలో పట్టుకుని కూర్చుంటా. ఏడుపొస్తుంది. అత్తమ్మ చూసి ‘స్కూలుకే కదా పంపింది, యుద్ధానికి పంపినట్టు ఏడుస్తావేం’ అంటుంది.

దానికితోడు భయాలు. అమ్మాయి పోయినేటి నుంచి స్కార్ఫ్ కట్టుకుంటోంది. ఎవరైనా ఏమైనా అంటున్నారేమో. మొన్న ‘బాక్సులో ఖీమా వద్దు, పెరుగన్నం పెట్టు’ అంది. ఎందుకో చెప్పదు. రోజూ రాగానే ఇద్దర్నీ కూర్చోబెట్టి అన్నీ అడుగుతా, ‘ఏం లేదమ్మీ’ అంటారు. తమ్ముణ్ని ప్రతి ఇంటర్వెల్‌లో వెళ్లి చూసి రమ్మని అమ్మాయికి చెప్పా, అదీ విసుక్కుంటోంది. చిన్నోడు సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత ఖురాన్ చదువు చెప్పే హజ్రత్ దగ్గర, అరబ్బీ అక్షరాల పుస్తకం ఖాయిదా మీదే నిద్రపోతున్నాడు. మా తోడికోడలు ‘ఇంగ్లీషు చదువుకి పొద్దంతా, దీన్ చదువుకి నిద్రమొహమా’ అంది. మా ఆయనకి శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున పదికి వీడియో కాల్ చేస్తే పిల్లలు ఉండరు. ఆయన ముఖం చిన్నబోతుంది.

ఇంకో మాట. మొదటి రెండు రోజులు వాడు బస్సెక్కి వెనక్కి తిరిగి చూశాడు. మూడో రోజు చూడలేదు. నాకు ఈమాన్, అదే విశ్వాసం, తక్కువై ఇలా అవుతోందా? ఏమైనా జబ్బా?

సమాధానం

వ అలైకుమ్ అస్సలాం చెల్లీ.

ముందుగా ఒక మాట. నేను మత చదువు చదివిన ఆలిమాను కాను. కర్నూలు వైపు ప్రభుత్వ హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. (‘మీరా? తెలుగా?’ అని కళ్లు పెద్దవి చేసినవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.) అయినా మీరు ఈమాన్ మాట ఎత్తారు కాబట్టి, మీకు కూడా తెలిసిన కథే ఒకటి గుర్తు చేస్తా.

ఖురాన్‌లో 28వ సూరా (అధ్యాయం), అల్ ఖసస్. ఈజిప్టు రాజు ఫిరౌన్ మనుషులు మగపిల్లల్ని చంపుతున్న రోజుల్లో మూసా ప్రవక్త తల్లి పాలు తాగే బిడ్డను నదిలో వదిలింది. వదలమన్నది అల్లాహ్. భయపడకు, బాధపడకు, వాణ్ని నీ దగ్గరికే తిరిగి చేరుస్తాం అని మాట కూడా ఇచ్చాడు. అంత హామీ చేతిలో ఉన్న తల్లి. మరి పదో ఆయత్‌లో, అంటే పదో వాక్యంలో ఏముంది? మూసా తల్లి గుండె ‘ఫారిగ్’ అయిపోయింది అని ఉంది. ఖాళీ అయిపోయింది అని. మనం ఆ మాట ఇంట్లో రోజూ వాడతాం. ‘వంట నుంచి ఫారిగ్ అయ్యా’ అంటాం, ‘ఫారిగ్‌గా ఉంటే ఓసారి రా’ అంటాం. మీ తొమ్మిది గంటల పరిస్థితికి ఇంతకంటే సరిపోయే మాట తెలుగు టీచర్నైన నాకు తెలుగులో కూడా దొరకలేదు. చేతులూ ఫారిగ్, గుండే ఫారిగ్.

ఆ ఆయత్ ఆమెను ఎక్కడా తప్పు పట్టదు. మేం ఆమె గుండెకు దిటవు ఇవ్వకపోతే గుట్టు బయటపెట్టేసి ఉండేదే అంటుంది, అంతే. అల్లాహ్ మాట చేతిలో ఉన్న తల్లికే గుండె ఖాళీ అయిందంటే, బస్సు డ్రైవరు ఫోన్ నంబరు మాత్రమే చేతిలో ఉన్న మీకు అవదా? కాబట్టి ఈమాన్ లెక్కలు పక్కన పెట్టండి.

తర్వాత ఆమె ఏం చేసిందో చూడండి. కూతుర్ని పిలిచి, వాడి వెంట వెళ్లు అంది. ఆ పిల్ల వెళ్లింది. ఎలా? దూరం నుంచి చూస్తూ, వాళ్లకు తెలియకుండా. ఈ ‘దూరం నుంచి’ అన్న ముక్క దగ్గర మీరు కాసేపు ఆగాలి.

బడి గేటుకు లోపలి వైపు నిలబడి నేను చాలా జూన్ నెలలు చూశాను. అమ్మలు చూడని భాగం అది. ఒకసారి ఆరో తరగతిలో కొత్తగా ఒక పిల్లాడు చేరాడు. మధ్యాహ్నం బాక్సు మూత తీసి ముందు పెట్టుకునేవాడు గానీ తినేవాడు కాదు. ప్రహరీ గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎందుకో నాకు కొన్నాళ్లు అర్థం కాలేదు. గోడ అవతల రోడ్డు పని వాళ్లు వదిలేసిన సిమెంటు తూము ఒకటి ఉంది. వాళ్లమ్మ రోజూ పన్నెండున్నరకి దాని మీదకెక్కి నిలబడేది. గోడ పైన నల్ల బురఖా, ముఖం, ఒక చెయ్యి కనిపించేవి. ‘తిను, తిను’ అని ఆ చెయ్యి సైగ చేసేది. అప్పుడు వాడు అన్నం కలిపేవాడు. ఆమె ఆలస్యమైతే బెల్లు కొట్టేదాకా అన్నం అలాగే ఉండేది. మిగతా పిల్లలు వాడి పక్కన కూర్చోవడం మానేశారు. వాడు వాళ్ల వైపు తిరిగితే కదా!

ఒక వారం ఆమెకు జ్వరం వచ్చి రాలేదు. మొదటి రోజు వాడు తినలేదు. రెండో రోజు వెనక వరసలో పిల్లాడొకడు వచ్చి ‘మీ చట్నీ కొంచెం పెట్టరా’ అన్నాడు. మూడో రోజుకి నలుగురు చుట్టూ చేరారు. ఆమె కోలుకుని మళ్లీ తూమెక్కిన రోజు వాడు గోడ వైపు చూడనే లేదు. సాయంత్రం ఆమె నా దగ్గరికొచ్చి ‘వాడు నన్ను మర్చిపోయాడు టీచర్’ అని కళ్లు తుడుచుకుంది. ‘లేదమ్మా, అన్నం తింటున్నాడు’ అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు.

మీ తూము ఏమిటో నాకు మీ ఉత్తరంలో కనిపించింది. ఒకటి, మీ అమ్మాయి. పాపం దానికి ఇంటర్వెల్ పది నిమిషాలు ఉంటుందేమో. ఆ పది నిమిషాల్లో అది మూత్రానికి వెళ్లాలి, నీళ్లు తాగాలి, రెండు నెలల తర్వాత కలిసిన స్నేహితురాళ్లతో మాట్లాడాలి. అందులో తమ్ముడి క్లాసుకు పరిగెత్తి రావాలి. మొదటి వారం సరే. ఇప్పుడు మాన్పించండి. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు, దిగేటప్పుడు వాడి బ్యాగు, వాటర్ బాటిల్ ఉన్నాయో లేదో చూస్తే చాలు. ‘ఇకనుంచి లోపల నీ పని నువ్వు చూసుకో’ అని మీ నోటితో చెప్పండి. చెప్పకుండా ఊరుకుంటే అది వెళ్లడం మానేసి, మానేశానని లోపల నలుగుతుంది. ఇంటికి పెద్దకూతురై పుట్టినవాళ్లకు ఆ బాధ తెలుసు, మీరూ పెద్దకూతురైతే వివరించనక్కర్లేదు.

రెండోది సాయంత్రం. మీకు కష్టమైన వేళ 7.45 అనుకుంటున్నారు. నన్నడిగితే సరిచేసుకోవాల్సింది 4.45. ‘రాగానే ఇద్దర్నీ కూర్చోబెట్టి అన్నీ అడుగుతా’ అని మీరే రాశారు. తొమ్మిది గంటలు ఒంటరిగా కూర్చుని మీరు పోగుచేసుకున్న భయాలన్నీ ఆ పదిహేను నిమిషాల్లో వాళ్ల ముందు కుమ్మరిస్తున్నారు. పిల్లలు చెప్పులు కూడా విప్పి ఉండరు.

ఇది నేను చేసి చెడగొట్టుకున్న పనే. మా అమ్మాయి ఆరో తరగతికి వేరే స్కూలుకి వెళ్లింది. నేను టీచర్ని కదా, ఇంకా పద్ధతిగా అడిగేదాన్ని. ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరేమన్నారు, మన గురించి ఏమైనా అన్నారా. రోజూ ‘ఏం లేదమ్మీ’ అనేది. నేను నిజమే అనుకున్నాను. అది డిగ్రీకొచ్చాక ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ మాటల్లో బయటపెట్టింది. ఆరో తరగతిలో ఒక పిల్ల ‘నీ బాటిల్లో నీళ్లు నేను తాగను, మీరు అవీ ఇవీ తింటారు’ అందట. నాకు గుండెలో కలుక్కుమంది. ‘మరి నాకెందుకు చెప్పలేదే?’ అన్నాను. ‘చెబితే నాకంటే నువ్వు ఎక్కువ ఏడ్చేదానివి. మళ్లీ నిన్ను ఓదార్చాలి’ అంది, కత్తి ఆపకుండా. మరి ఆ పిల్లతో ఏం చేశావని అడిగా. ‘ఏముంది, మార్చి వచ్చింది, దానికి దాహమేసింది’ అంది.

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండేళ్ల పిల్ల తన గొడవ తను చూసుకుంది. మధ్యలో నన్ను కూడా కాపాడింది. నేను కాపాడుతున్నాననుకున్నాను.

అందుకని ఒక నెల ఇలా చేసి చూడండి. బస్సు దిగాక అరగంట ఏ ప్రశ్నా వద్దు. స్నానం, ఏదో ఒకటి తినడం. ఉగ్గాని కలిపితే ఉగ్గాని, లేకపోతే పొద్దుటి ఇడ్లీ పోపు వేసి ఇచ్చినా తింటారు, ఆ వేళకు కడుపులో ఏమీ ఉండదు. మాటలు తర్వాత వస్తాయి, అదీ చేతిలో ఏదైనా పని ఉన్నప్పుడు వస్తాయి. మీ అమ్మాయి స్కార్ఫ్ పిన్నులు తీసి డబ్బాలో వేసేటప్పుడు మీరు పక్కనే బట్టలు మడతపెడుతూ ఉండండి. ‘ఎవరేమన్నారు’ అని అడక్కండి. ‘ఈ రోజు మధ్యాహ్నం చెమటకి ఈ గుడ్డ చిరాకు పెట్టిందా?’ అని అడగండి. జవాబు గుడ్డ గురించే రావచ్చు. కొన్నిసార్లు గుడ్డతో మొదలై ఇంకెక్కడికో వెళ్తుంది. అప్పుడు మీరు మడతపెట్టడం ఆపకూడదు, ముఖం మార్చకూడదు. ఇదే కష్టం. నాకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఖీమా సంగతి. మీ అనుమానం నిజం కావచ్చు, కాకపోవచ్చు. నేను రెండూ చూశాను. బాక్సు మూత తీయగానే ముక్కు మూసుకునే పిల్లలు ఉంటారు. అదే సమయంలో, జూన్ నెల రాయచోటి ఎండలో పొద్దున ఏడుకు వేడివేడిగా మూతపెట్టిన ఖీమా పన్నెండున్నరకి ఎలా ఉంటుందో మీరే ఒకరోజు అదే బాక్సులో పెట్టి, మధ్యాహ్నం మూత తీసి వాసన చూడండి. ఆడపిల్ల పెరుగన్నం అడిగితే దాని వెనక కథ ఉండే తీరాలని లేదు. పెరుగన్నం పెట్టండి. ఖీమా రాత్రికి వండండి, వేడిగా అందరూ తింటారు. రెండు మూడు వారాల తర్వాత ఎండ తగ్గాక ‘టమాటా చట్నీ, ఆమ్లెట్ పెట్టనా’ అని మామూలుగా అడగండి. అప్పుడూ వద్దంటే, గుడ్డు కూడా వద్దంటే, అప్పుడు క్లాస్ టీచర్‌తో మాట్లాడే విషయం ఉంది. టీచర్‌తో మాట్లాడేటప్పుడు ‘మా పిల్లని ఏడిపిస్తున్నారు’ అని మొదలుపెట్టకండి. ‘మధ్యాహ్నం మా అమ్మాయి ఎవరితో కూర్చుని తింటోంది?’ అని అడగండి. గమనించే టీచరైతే ఆ ఒక్క ప్రశ్నకే విషయం పట్టుకుంటుంది. గమనించని టీచరు మర్నాటి నుంచి గమనించడం మొదలుపెడుతుంది.

స్కార్ఫ్ గురించి మీ భయం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. ఉడుపిలో మొదలైన హిజాబ్ గొడవ 2022లో మనమంతా ఫోన్లలో చూశాం. కాలేజీ గేటు దగ్గర ఆడపిల్లల్ని నిలబెట్టిన ఆ వీడియోలు చూశాక ఏ తల్లికీ నిద్ర పట్టి ఉండదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది, మార్చి 15న అక్కడి హైకోర్టు దాన్ని సమర్థించింది, అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. ఆ కేసు కర్ణాటక ఉత్తర్వు మీద నడిచింది. మీ అమ్మాయి స్కూలు ఏమంటుందో మీ స్కూలే చెప్పాలి. పోయినేడంతా కట్టుకుని వెళ్లింది, ఎవరూ వద్దనలేదు అంటే సగం జవాబు మీ దగ్గరే ఉంది. మిగతా సగం కోసం ఒకసారి హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి, యూనిఫాం రంగులోనే కట్టుకోవాలా, పీఈటీ పీరియడ్‌లో పిన్నుల సంగతేంటి అని అడిగి తెలుసుకోండి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే అత్తమ్మను తీసుకెళ్లండి. ఆమె మాటతీరు చూస్తే హెడ్మాస్టరే కొంచెం జాగ్రత్తగా మాట్లాడతారనిపిస్తోంది.

ఒక్క విషయం మాత్రం పిల్లతోనే తేల్చుకోండి. స్కార్ఫ్ దాని ఇష్టంతో కట్టుకుందా, మీ కోసమా, చుట్టుపక్కల వాళ్ల కోసమా? పదమూడేళ్ల పిల్లను ఎవరైనా ‘ఇదెందుకు?’ అని అడిగితే తన సొంత మాటలో జవాబు చెప్పగలిగితే ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి ‘మీ అమ్మ బొట్టు ఎందుకు పెట్టుకుంటుంది? మా అమ్మ ఇది ఎందుకు కట్టుకుంటుంది?’ అని ఎదురు ప్రశ్న వేసి, మళ్లీ లెక్కల నోట్సు రాసుకోవడంలో పడింది. ఆ జవాబు ఎవరూ నేర్పింది కాదు.

చిన్నోడు ఖాయిదా మీద నిద్రపోవడం గురించి మీ తోడికోడలి మాట నన్ను కూడా గుచ్చింది. లెక్క వేద్దాం. వాడు ఆరింటికి లేస్తున్నాడు. తొమ్మిది గంటలు బయట. రాగానే విచారణ. ఏడు గంటలకు హజ్రత్ ముందు. ఆరేళ్ల ఒళ్లు నిద్రపోక ఏం చేస్తుంది? ఏడేళ్లకు పిల్లలకు నమాజు చెప్పమన్న హదీసు మీకు తెలుసు. వాడికి ఇంకా ఏడు రాలేదు. మీరు వాడికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఉంటారు, పలక మీద రాయించి, లడ్డూలు పంచి. పిల్లాణ్ని చదువుకి పంపడం ఆ రోజే మొదలైంది. ఇంగ్లీషు బస్సు రెండేళ్ల తర్వాత వచ్చింది. రెండు చదువుల్నీ తోడికోడళ్లలా పోటీకి నిలబెట్టకండి.

హజ్రత్‌తో నేరుగా మాట్లాడండి. చాలామంది అడగరు, అడక్కుండానే ఆయన ఒప్పుకోరని అనుకుంటారు. ఈ ఒక్క నెల వారానికి రెండు రోజులే పంపుతామనో, ఆదివారం పొద్దున ఎక్కువసేపు కూర్చోబెడతామనో చెప్పండి. పిల్లలకు చెప్పే మనిషి కాబట్టి నిద్రమొహాలు ఆయనకూ తెలుసు. మిగతా రోజులు రాత్రి పడుకునేటప్పుడు మీ పక్కలో ఒక చిన్న సూరా మీరు చదవండి, వాడు వింటూ నిద్రపోతాడు. మనలో చాలామందికి ‘ఖుల్ హువల్లాహ్’ అలాగే వచ్చింది, ఏ రోజు నేర్చుకున్నామో గుర్తుందా?

ఇక శుక్రవారం. మీ ఉత్తరంలో అన్నిటికంటే తేలిగ్గా తీరే కష్టం ఇదే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మీకు పొద్దున పదంటే ఆయనకి ఏడున్నర. సెలవు రోజున లేవగానే ఇల్లు గుర్తొచ్చి చేస్తున్నారు పాపం, ఆ వేళకు పిల్లలు రెండో పీరియడ్‌లో ఉంటారు. సాయంత్రం అయిదున్నరకు చేయమనండి. అక్కడ మూడు. జుమా అయిపోయి, భోంచేసి, నడుం వాల్చి ఉంటారు. ఇక్కడ మీ పిల్లలు స్నానం చేసి తిని ఉంటారు. ఆదివారం మీకు సెలవు, ఆయనకు డ్యూటీ, కాబట్టి ఆ రోజు పిల్లలతో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేయించి పంపండి. చిన్నోడు పద్యమో పాటో ఏదైనా అప్పజెప్పనీ, బండి ఆపినప్పుడు వింటారు. అక్కడి మగవాళ్లు అవే మాటలు ఎన్నిసార్లు వింటారో మనకు చెప్పరు.

పొద్దున పది గంటల ఫోన్ మాత్రం మానేయమనకండి. అది మీ ఇద్దరిది. పిల్లలు లేరని చిన్నబోకండి ఇద్దరూ. పిల్లలు లేని వీడియో కాల్ మీకు ఇంతకుముందు ఎప్పుడు దొరికింది? ఫీజులు, అత్తమ్మ బీపీ మాత్రలు కాకుండా వేరే ఏదైనా మాట్లాడుకోండి.

మిగిలింది 7.45 నుంచి. మీరు ఇంటర్ చదివారో, పదితో ఆపారో రాయలేదు. మధ్యలో ఆగిన చదువు ఏదైనా ఉంటే ఓపెన్ స్కూల్లో పదో, ఇంటరో పూర్తి చేయొచ్చు. ప్రవేశాలు ఎప్పుడో దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో అడిగితే చెబుతారు. మా స్కూల్లో ఆ సెంటరు ఉండేది. నలభై ఏళ్ల ఆడవాళ్లు బురఖా ఎత్తి కట్టుకుని, గోడ పక్క బెంచీ వెతుక్కుని కూర్చుని పరీక్ష రాసేవాళ్లు. కానీ ఇది ఈ వారం చేయాల్సిన పని కాదు. ఖాళీ అయిన చోట వెంటనే ఏదో ఒకటి కుక్కేయాలని నేను చెప్పను. కుట్టుమిషను నేర్చుకో, ఆన్‌లైన్‌లో చీరలు అమ్ము అని చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు.

ఈ వారం చేయాల్సింది ఇంకొకటుంది. ‘యుద్ధానికి పంపినట్టు ఏడుస్తావేం’ అన్న మీ అత్తమ్మ గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఆమె కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఆమె కూడా ఒక రోజు సూట్‌కేసు సర్ది, పచ్చళ్ల డబ్బాలకు టేపు చుట్టి, తలమీద చెయ్యి పెట్టి దువా చదివి పంపించి ఉంటుంది. మీ పిల్లలు 4.45కి వస్తారు. ఆమె పిల్లాడు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి. రాయచోటి, కడప, రాజంపేట వైపు ఇలాంటి తల్లులు లేని వీధి ఉండదు, వాళ్లలో ఎంతమంది మన ముందు ఏడ్చారు? ఆమె మాటలో వెటకారం ఉందని మీకనిపించింది. నాకు వేరేది వినిపించింది. ఆ ఇంట్లో కొడుకుని పంపి కూర్చున్న తల్లులు ఇద్దరున్నారు. బస్సు వెళ్లాక ఆ నిక్కరు బకెట్లో వేసి, రెండు గ్లాసుల టీ పెట్టుకుని ఆమె పక్కన కూర్చోండి. ‘ఆయన మొదటిసారి వెళ్లినప్పుడు ఆ వారం మీరేం చేశారత్తమ్మా?’ అని అడగండి. ఏమీ చెప్పకపోవచ్చు. కసురుకోవచ్చు. రెండో రోజు మళ్లీ టీ పెట్టండి.

జబ్బా అని అడిగారు. కొత్త సర్దుబాటుకి రెండు మూడు వారాలు ఏడుపు రావడం జబ్బు కాదు. కానీ రోజులు గడిచేకొద్దీ తగ్గకుండా పెరుగుతుంటే, తిండి సహించక, రాత్రి నిద్ర పట్టక, పిల్లలు ఇంటికొచ్చాక కూడా మనసు లేవకపోతే దాన్ని దాచుకోకండి. 14416 అని ఒక నంబరుంది, టెలీ మానస్ అంటారు. ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా పలుకుతారు. మీ ఊరి డాక్టరు దగ్గరికి వెళ్తే నలుగురూ చూస్తారని భయమైతే ముందు దానికి ఫోన్ చేయండి. షుగరుకు మాత్ర వేసుకుంటే తవక్కుల్, అంటే అల్లాహ్ మీద భరోసా, తక్కువని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే.

ఇక మీ చివరి మాట. మూడో రోజు వాడు బస్సెక్కి వెనక్కి తిరిగి చూడలేదని రాశారు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం మీద చెబుతున్నా, వాడికి ఆ రోజు కిటికీ పక్క సీటు దొరికి ఉంటుంది. మీరు నిలబడే వైపు కాకుండా అవతలి వైపు. అరగంట అయ్యాక, ఉగ్గాని తినేటప్పుడు, ఏ వైపు సీటో అడిగి చూడండి.